హండాలో పుట్టిల్లు

ఆ రోజుల్లో మా వైపు మనిషి మద్రాసుకు పోవడమంటే చిన్న విషయం కాదు. ఇప్పటి పిల్లలు చేతిసంచీ ఒకటి భుజాన తగిలించుకుని, గడప దాటుతూ దాటుతూ "పోయొస్తా" అంటారు. ఎక్కడికో మనం అడిగేలోపల వీధి మలుపు తిరిగిపోతారు. మా కాలంలో ఎవరైనా పట్నం పోతున్నారంటే వీధి వీధంతా ఆ ప్రయాణం చేసేది, రైలెక్కేది మాత్రం ఒకరో ఇద్దరో. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా రాలేదు, మద్రాసే మా రాజధాని. (రాజధాని అంటే మనదే కదా, మనవాళ్ల మాటే మాట్లాడుతుంది కదా అనుకునేవాణ్ణి. ఆ వయసులో ఇలాంటివి చాలా అనుకునేవాణ్ణి.) ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సు, ఆదోని నుంచి మెయిలు, అంతే దారి. ఆ దారికి మా అమ్మ చేసిన సన్నాహం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలో ఉండగానే కళ్లు తడుస్తాయి.

సంగతి ఏమిటంటే, మా అక్కను మద్రాసు మైలాపూరులో ఉండే బావకిచ్చాం. బావ అక్కడ చేనేత బట్టల అంగట్లో పనిచేసేవాడు. అక్కకు తొలి కాన్పు. తొలి కాన్పుకు కూతుర్ని పుట్టింటికి తెచ్చుకోవడం మా ఇళ్లలో ఆచారం, తెచ్చుకోకపోతే నలుగురిలో మాట పడాలి. తీరా పోయి తెచ్చుకుందామనుకునే వేళకు, అక్కకు కాళ్లు వాచాయనీ, రైలెక్కించవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందనీ, బట్టల బేరానికి వచ్చిన మద్రాసు మనిషి బావ మాటగా చెప్పిపోయాడు. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు. నలుగురి మాటకు జంకి కాదు. అమ్మ పుట్టిల్లు తుంగభద్ర అవతల ఒక కన్నడ పల్లె. అమ్మ తొలి కాన్పు నాటికి ఏరు పొంగి, దాటించే పుట్టి పడవ నడవక, ఆమె అవతలికి పోలేకపోయింది, అవ్వ ఇవతలికి రాలేకపోయింది. అమ్మ పక్కన తనవాళ్లంటూ ఎవరూ లేరు. ఆ బిడ్డ దక్కలేదు. ఆ సంగతి అమ్మ మాతో ఎప్పుడూ చెప్పలేదు, నాయన ఒకసారి చెప్పాడు. అందుకే ఆ సాయంత్రం అమ్మ కొంగు దులుపుకుని లేచి, "పాప పుట్టింటికి రాలేకపోతే పుట్టిల్లే పాప కాడికి పోతాది. రేయ్, పోదాం పద" అన్నప్పుడు నాయన లేచి రైలు చార్జీకి డబ్బు లెక్కపెట్టాడు.

నాయన మగ్గం మీద పెండ్లి చీరలున్నాయి, ఆయన కదలలేడు. తోడుగా పోవలసిన మగదిక్కు నేనే. మీసం అప్పుడే మొలుస్తోంది. ఆదోనిలో ఒక పత్తి మండీలో గుమాస్తాగా చేరాను. అక్షరాలు ఇంగ్లీషులోవి కూడా చదవగలను. అన్నిటికంటే మించి నాకు అరవం వచ్చు. జిన్నింగు మిల్లులో కోయంబత్తూరు నుంచి వచ్చిన ఫిట్టరు అన్న ఒకాయన ఉండేవాడు, ఆయన దగ్గర టీ తాగుతూ నేర్చుకున్నాను. ఎంగే అంటే యాడ, ఎన్న అంటే ఏంది, ఎవ్వళవు అంటే ఎంత. ఇంత వస్తే ఇక ప్రపంచంలో ఏ ప్రశ్న అయినా అడగవచ్చని నా ధీమా. అడిగాక అవతలివాళ్లు ఏదో ఒక జవాబు చెబుతారనీ, అది కూడా అరవంలోనే ఉంటుందనీ నాకు తట్టలేదు. పాపం, ఆ ఫిట్టరన్న చాలా మంచి మనిషి. ఏది అడిగినా ఇచ్చేవాడే తప్ప, లేదనే మాట ఆయన నోటినుంచి నేనెప్పుడూ వినలేదు. మా కష్టాలన్నీ ఆయన మంచితనం వల్లనే వచ్చాయంటే నమ్ముతారా?

ప్రయాణానికి ఏమేం కావాలో చెప్పడానికి మాకొక పెద్దమనిషి దొరికాడు. ఆదోని నుంచి సంతకు గాజులు తెచ్చి అమ్మే సాయిబు. గాజుల సరుకు కోసం ఒక్కసారి మద్రాసు చూసి వచ్చాడు కాబట్టి ఆయన్ను అందరూ మద్రాసు సాయిబు అనేవాళ్లు. ఆ పిలుపుకు తగ్గట్టు ఆయన కూడా ఎవరు మద్రాసు పేరెత్తినా ఆగిపోయి, గాజుల మలారం దించి, సలహా చెప్పి గానీ కదిలేవాడు కాదు.

"అక్కా, సముందరు పక్కన ఊరు అది. గాలి అంటే నువ్వు అనుకునే గాలి కాదు. మనిషిని నిలువునా ఎత్తకపోతాది. నేను పోయినప్పుడు పండ్లు పటపటా కొట్టుకున్యాయి. కంబళి లేకుంటే నేను ఈడికి తిరిగి వచ్చేవాణ్ణే కాదు."

"ఎండాకాలం గదా సాయిబన్నా?" అంది అమ్మ.

"సముందరుకు ఎండాకాలం, వానకాలం యాడిది అక్కా? దానికి నీళ్లు కొదవనా? గొడుగు మరువొద్దు. వీధుల్లో మోకాటి మట్టం నీళ్లుంటాయి."

ఆయన పోయింది కార్తీక మాసంలో, తుపాను పట్టిన వారంలో. ఆ వారం చూసిన మద్రాసే ఆయనకు ఏడాది పొడుగునా మద్రాసు. మేం బయలుదేరింది రోహిణికార్తె ముందు. (సాయిబును తప్పుపట్టను. నేను కూడా ఒకసారి చూసిన ఊళ్ల గురించి జీవితమంతా మాట్లాడుతున్నవాణ్ణే.)

ఇక అమ్మ సర్దుడు. మా ఇంట్లో ఒక పెద్ద రాగి హండా ఉండేది. అక్క పుట్టినప్పుడూ నేను పుట్టినప్పుడూ అమ్మకు వేణ్ణీళ్లు కాచింది అందులోనే. అక్కకు కూడా ఆ హండాలో కాచిన నీళ్లే పోయాలని అమ్మ పట్టు. మద్రాసులో హండాలుండవా అంటే, "ఉంటాయి. అవి వాళ్లింటివి" అంది. సరే, హండా ఎటూ పోతోంది కదా, ఖాళీగా ఎందుకు పోవాలని దానిలో శొంఠి, వాము, బాలింత కాయం, ఆముదం సీసా, నెయ్యి గిన్నె, తెల్లగడ్డలు, వసకొమ్ము, దాన్ని అరగదీసే సానరాయి, ఊయలకు పాత మెత్తని చీరలు, ఎండబెట్టిన జొన్నరొట్టెలు, వాటిలోకి వేరుశెనగ బుడ్డల పొడి, అన్నీ చేరాయి. వీధిలో తలా ఒకరు తెచ్చి ఏదో ఒకటి వేసిపోయారు. చివరికి హండా మూతికి గుడ్డ కట్టి చూస్తే, నిండు చూలాలు అక్క కాదు, హండానే అనిపించింది. ఈ మాట పైకి అన్నందుకు అమ్మ నెత్తిన ఒకటి మొట్టింది.

బస్సు మీద హండా ఎక్కడానికి పట్టినంత సేపు కూడా మాకు ఆదోని చేరడానికి పట్టలేదేమో. దారిలో గుంత వచ్చినప్పుడల్లా పైన టంగుమని మోగేది, అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి "పైలం నాయనా" అని డ్రైవరును హెచ్చరించేది. ఆదోని స్టేషనులో సామాను గుమాస్తా ఆపాడు.

"ఇది తూకం ఎయ్యాలమ్మా. ఇంత సామాను చేతిలో పట్టుకపోయేదానికి లేదు."

"సామాను యాడుందప్పా?" అంది అమ్మ.

"ఇది ఏంది మరి?"

"మా పాప కాన్పు."

ఆయన హండా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. ఆమె ముఖంలో ఏం కనిపించిందో, "ఎత్తుకో ఎత్తుకో, బండి వచ్చాంది" అని ఆయనే ఒక చెయ్యి వేశాడు. మూడో తరగతి పెట్టెలో నిలబడటానికే చోటు లేదు. అయినా "కాన్పుకు పోతాండాము" అన్న మాట చెవిన పడగానే జనం ఎలా సర్దుకున్నారో సర్దుకున్నారు. అమ్మకు కూర్చోవడానికి చోటు దొరికింది, హండాకూ దొరికింది. నాకు దొరకలేదు.

బావ సెంట్రల్ స్టేషనుకు వస్తానని కబురు చేసి ఉన్నాడు. రైలు దిగి చూస్తే బావ లేడు. జనం పలచబడేదాకా నిలబడ్డాం, అప్పటికీ లేడు. అమ్మ ముఖంలో రంగు పోయింది. "అంగట్లో పనుంటాదిలే, నాకు ఇంటి అడ్రసు నోటికొచ్చు, ట్రాములో పోదాం" అని ధైర్యం చెప్పి బయటికి తెచ్చాను. అక్కడే మద్రాసు ఎండ తగిలింది. మా ఆదోని ఎండ మాడుస్తుంది. మద్రాసు ఎండ ఉడకబెడుతుంది. అమ్మ భుజాన కంబళి, నా చేతిలో గొడుగు, మా మధ్య హండా. కూలివాడొకడు ఆ కంబళిని తాకి చూసి, పక్కవాడికి చూపించి, ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఒక పెద్దాయన్ను పట్టుకుని, నా అరవాన్ని మొదటిసారి బయటికి తీశాను. "ట్రాము ఎంగే?" అని అడిగి, మేం నిలబడ్డ చోటు వేలితో చూపిస్తూ, "ఈడనేనా?" అన్నాను. ఆయన "ఇల్లే, ఇల్లే" అని, చెయ్యి ఎటో ఊపి, తన దారిన తాను పోయాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా సరిహద్దు ఊళ్లలో తెలుగు ఎంతో కన్నడం అంత. అమ్మకైతే ఉగ్గుపాలతో వచ్చింది కన్నడమే. ఆ కన్నడంలో 'ఇల్లే' అంటే 'ఇక్కడే' అని. "సూస్తివా, కన్నడ మనిషే దొరికినాడు. దేవుడు పంపించినట్ల" అని అమ్మ సంతోషపడి హండా పక్కనే చతికిలబడింది. నేనూ తల ఊపాను. మరి చెయ్యి అటెందుకు ఊపాడని నాకు ఒక చిన్న అనుమానం వచ్చింది గానీ, "ఈగలు తోలుకున్యాడు లేరా" అని అమ్మ తీర్చేసింది. అక్కడే కూర్చున్నాం. దూరంగా రోడ్డు అవతలి వైపు ట్రాములు గంట కొట్టుకుంటూ వస్తున్నాయి, పోతున్నాయి. మా దగ్గరికి ఒక్కటీ రాదు. "ఆ ట్రాములు దారి తప్పినట్టుండాయి" అంది అమ్మ జాలిగా. పట్టాలు కూడా ఆ వైపే ఉన్నాయన్నది నా గుమాస్తా కళ్లకు ఆనడానికి చాలా సేపు పట్టింది.

ట్రాము కండక్టరు హండాను చూసి పెట్టిన గొడవ వేరే కథ. ఎలాగో మైలాపూరులో దిగాం. పొడుగాటి వరండా ఇల్లు, లోపల వరసగా నాలుగైదు కాపురాలు, బయట అరుగు. నంబరు సరిపోయింది. నేను గర్వంగా అమ్మ వైపు చూశాను. అరుగు మీద పళ్లు లేని ముసలమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఇల్లంతా అలికిడి లేదు.

అమ్మ అక్క పేరు చెప్పి, పొట్ట ముందు చెయ్యి గుండ్రంగా తిప్పి, "మా పాప... ఉందామ్మా?" అని అడిగింది. ముసలమ్మ ఏదో చాలా చెప్పింది. పళ్లు లేక మాటలన్నీ గాలిలో కలిసిపోయాయి. వాటిలో ఒక్కటే గట్టిగా వినిపించింది. "ఇల్లే! ఇల్లే!"

"ఈడనే ఉందంట" అంది అమ్మ. ఆమె ముఖం ఒక్కసారిగా తేటపడింది. పొద్దుటి నుంచి పట్టి ఉంచిన బరువంతా అరుగు మీద దించేసినట్టు కూర్చుని, "నీళ్లు పోసుకుంటాందేమో. కానీ, రానీ. తొందర పెట్టొద్దు" అంది. హండా మూతి గుడ్డ విప్పి, జొన్నరొట్టె ఒకటి, దాని మీద ఇంత బుడ్డల పొడి వేసి ముసలమ్మ చేతిలో పెట్టింది. ముసలమ్మ ఆ రొట్టెను, పాపం, పళ్లు లేకపోయినా కాదనలేక చేతిలో పట్టుకుని, మాటిమాటికీ "ఇల్లే, ఇల్లే" అంటూనే ఉంది. అమ్మ మాటిమాటికీ "అవునమ్మా, ఈడనే, ఈడనే, తెలిసింది" అని ఆమె చెయ్యి నిమురుతూనే ఉంది. ఇద్దరిలో ఎవరి ఓపిక గొప్పదో నేను చెప్పలేను. ముసలమ్మ చివరికి నా వైపు తిరిగి దండం పెట్టినంత పని చేసింది. అరవం వచ్చినవాణ్ణి కదా, నేను కూడా చిరునవ్వు నవ్వి తల ఊపాను.

అప్పుడు వీధి చివర నుంచి రిక్షా ఒకటి ఖాళీగా పరుగెత్తుకొచ్చింది. ఆ రోజుల్లో మనిషి లాగే రిక్షాలు. దాన్ని లాగే ఆయన మమ్మల్ని, హండాను, కంబళిని చూసి, "ఎమ్మిగనూరోళ్లేనా?" అని తెలుగులో అరిచాడు. నెల్లూరు మనిషి. ఆ తెలుగు విని నాకు ప్రాణం లేచొచ్చింది. మరు నిమిషం అది కాస్తా పోయింది.

"ఈడ కూచున్నారేందమ్మా! మీ బిడ్డకు తెల్లారక ముందే నొప్పులొచ్చినాయి. నేనే ఆసుపత్రికి తీసకపోయినా. ఇంట్లోవాళ్లందరూ ఆడనే ఉండారు. మీరొచ్చినారేమో చూసి తీసకరమ్మని మీ అల్లుడు పంపినాడు."

"ఈయమ్మ ఈడనే ఉంది, ఈడనే ఉంది అన్న్యాదే!" అంది అమ్మ.

"ఏమన్నాది?"

"ఇల్లే అన్న్యాది."

"అయ్యో, ఇల్లే అంటే అరవంలో లేదని అమ్మా!"

అమ్మ అరుగు మీద నుంచి దిగ్గున లేచింది. అదే మాట కన్నడంలో 'ఇల్ల' అయితే లేదని, దీర్ఘం తీసి 'ఇల్లే' అంటే ఇక్కడే అని. ఆ ఒక్క దీర్ఘం మీద నమ్మకంతో మేం రెండుసార్లు మద్రాసులో చతికిలబడ్డాం. తర్వాత ఎన్నో ఏళ్లు నవ్వుకున్నాం గానీ, ఆ క్షణంలో అమ్మ హండా మూతి గుడ్డకు ముడి మీద ముడి వేస్తూనే ఉంది. ఏరు పొంగిన రోజు ఆమె కళ్ల ముందుకు వచ్చిందని నాకు తెలుసు.

"ఎక్కండమ్మా" అన్నాడు రిక్షా ఆయన.

"నేనెక్కితే నువ్వు ఎప్పటికి పోతావు నాయనా? హండాను ఎక్కించు. మేం పరిగెత్తుతాం" అంది అమ్మ. వాదించడానికి వేళ లేదు. అలా మైలాపూరు వీధుల్లో రాగి హండా రిక్షాలో దొరసానిలా కూర్చుని ముందు పోతుంటే, కొంగు బిగించి మా అమ్మ ఒక పక్కన, కంబళి గొడుగు చంకన పెట్టుకుని నేను ఇంకో పక్కన పరుగెత్తాం. జనం ఆగి చూశారు. పత్తి మండీ గుమాస్తా పరువు ఆ రోజు ఆ వీధుల్లోనే ఎక్కడో జారిపడి ఉండాలి, నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఆసుపత్రి దగ్గర బావ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని ముఖంలో నెత్తురు లేదు. లోపలికి ఎవరినీ పోనివ్వడం లేదు, ఇంకా కాలేదు, కాన్పు కష్టం మీద ఉంది అన్నాడు. అమ్మ గేటు మనిషిని బతిమాలింది. అతను సాయంత్రం రమ్మని చేత్తో చూపించాడు. అమ్మ అతన్ని వదిలేసింది. "ఏ పక్కుండాది?" అని బావను అడిగి, ఆ వైపు కిటికీల కిందికి పోయి నిలబడింది. మగ్గాల చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి మా వీధి ఆడవాళ్ల గొంతులు ఎలా ఉంటాయో విన్నవాళ్లకే తెలుసు. ఆ గొంతు పూర్తిగా ఎత్తి అమ్మ పిలిచింది.

"పాపా! నేనొచ్చినాను! అమ్మను వచ్చినాను!"

కిటికీల్లో తలలు కనిపించాయి. ఎవరో కసిరారు. అమ్మ మళ్లీ పిలిచింది. అప్పుడు లోపలి నుంచి, సన్నగా, మా అక్క గొంతు. "అమా! యాడుండావు?"

ఆ మాట వినేసరికి అమ్మకు తెలుగు పోయింది. చిన్నప్పటి మాటే నోట్లోకి వచ్చింది. "ఇల్లే ఇదీని పాపా! ఇల్లే! ఇల్లే!" ఇక్కడే ఉన్నాను, ఇక్కడే, ఇక్కడే.

నర్సు ఒకామె విసురుగా బయటికి వచ్చింది. ఎవరో కిటికీ కింద నిలబడి లేను, లేను అని అరవడం ఆమె ఉద్యోగంలో అదే మొదటిసారి అయి ఉండాలి. రిక్షా ఆయన అడ్డం పోయి ఏదేదో అరవంలో చెప్పాడు. ఆమె అమ్మను చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, లోపలికి పోయింది. అమ్మ అరుపు ఆపలేదు. ఆమె గొంతు బొంగురుపోయిన కొంతసేపటికి, లోపలి నుంచి ఇంకొక గొంతు వినిపించింది. పచ్చి గొంతు, మా వీధి గొంతే.

ఆడపిల్ల. తర్వాత అక్క చెప్పింది, నొప్పుల్లో కూడా నవ్వొచ్చిందట. చుట్టూ ఉన్న అరవ ఆడవాళ్లు, అమ్మ లేదు లేదు అంటోందే అని జాలిపడుతుంటే, తనకు మాత్రమే ఆ మాట అర్థం తెలుసు కదా అని నవ్వొచ్చిందట. "నీ గొంతు ఇన్యాక నాకు బయం పోయిందమా" అంది. అమ్మ ఆ మాటకు ఏడ్చింది. ఆ ప్రయాణం మొత్తంలో ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

అక్కనూ బిడ్డనూ చూసుకుని, హండాలో వేణ్ణీళ్లు కాచి పోసి, కాయం తినిపించి, మేం ఎమ్మిగనూరుకు తిరిగి వచ్చాక, వీధి ఆడవాళ్లంతా గుంపు కట్టారు. ఒకామె అడగనే అడిగింది. "యాడ అయిందక్కా కాన్పు?"

"పుట్టింట్లోనే" అంది అమ్మ, కళ్లు కూడా ఆర్పకుండా.

నాకు ఆ రోజుల్లో వాస్తవమంటే మహా గౌరవం. అడ్రసులు నోటికొచ్చినవాణ్ణి. "ఆసుపత్రిలో కదమ్మా, మైలాపూరులో..." అని సరిదిద్దబోయాను. అమ్మ నా వైపు తిరిగింది.

"నేను ఆడ ఉండ్లేదా? నువ్వు ఉండ్లేదా? మన హండా ఉండ్లేదా? ఇంగేం కావాలరా పుట్టింటికి?"

అప్పుడు మొహం ముడుచుకుని మండీకి పోయాను. ఇప్పుడు అమ్మ లేదు, ఆనాటి అమ్మ వయసు నేను ఎప్పుడో దాటేశాను. మా అక్క కూతురు మనవలనెత్తింది. పెండ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరైనా నువ్వెక్కడ పుట్టావమ్మా అని దాన్ని అడిగితే, అది మద్రాసు అనేలోపల నేనే అందుకుని ఎమ్మిగనూరు అంటాను. అది నన్ను చూసి నవ్వుతుంది, కాదనదు.